నోలీన్ ఎత్తిచూసిన చీటీ

పదిహేడు రోజుల ఎలుకపిల్ల కన్ను మిరియపు గింజంత ఉంటుంది. దాన్ని కోసి, చూపునిచ్చే లోపలి పొరని చిరగకుండా బయటికి తీసి, అంచుల్లో నాలుగు గాట్లు పెట్టి, గాజుపలక మీద నాలుగు రేకుల పువ్వులా పరచాలి. తడిసిన సిగరెట్ కాగితాన్ని వెంట్రుకతో విప్పడం లాంటి పని. మా సంస్థలో ఆ పని నేర్చుకోవడానికి ఎంతోమంది కూర్చున్నారు. పేరు వెనక బారెడు డిగ్రీలున్నవాళ్ళూ కూర్చున్నారు. అందరూ చించారు. చించనిది నోలీన్ ట్రెవిన్ ఒక్కతే.

ఇప్పుడు ఆ పొర బొమ్మల్ని కంప్యూటరే చూసి, రక్తనాళాలెన్నో, వాటి మధ్య ఖాళీ ఎంతో చెప్పేస్తుందట. మొన్న పార్క్‌విల్‌లో ట్రామ్ దిగుతుంటే మా పాత సంస్థలో పనిచేసే కుర్రది కనిపించి గొప్పగా చెప్పింది. చెప్పనీ. కంప్యూటరుకి ఆశ లేదు, భయం లేదు, ఆసుపత్రిలో తమ్ముడు లేడు. అది తప్పు చెయ్యకపోవడంలో గొప్పేముంది?

నా పేరు కార్మెన్ షిక్లూనా. ఆ సంస్థ నేలమాళిగలో ఎలుకలగది చూసుకునేదాన్ని. పంజరాలు కడగడం, మేత వెయ్యడం, ఏ తల్లి ఏ రోజు ఈనిందో తలుపు మీద రాయడం, ఇదే నా ఉద్యోగం, ఇరవై ఎనిమిదేళ్ళు. నేను పెంచిన పిల్లల్ని నోలీన్ మూడో అంతస్తులో కోసేది. "నువ్వు పెంచు, నేను కోస్తా. మనిద్దరం కలిస్తే ఒక పూర్తి రాక్షసి" అనేది. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేది. కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేలాడేవి. సోమవారం పొద్దున్నే గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకుని వచ్చేది. కత్తి కంటిని తాకేటప్పుడు ఊపిరి బిగబట్టేది, పొర బయటికొచ్చాక "హమ్మయ్య" అనేది. పక్కగదిలో ఉన్నవాళ్ళు ఆ హమ్మయ్యల్ని బట్టి ఆవిడ పని ఎంతవరకు వచ్చిందో లెక్కవేసుకునేవారు.

పదిన్నరకి టీ. కిటికీ పక్క బల్ల మాది. నేను కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకులు తెచ్చేదాన్ని, నోలీన్ ఫుట్‌బాల్ మీద తిట్లు తెచ్చేది. మా ఫుట్‌స్క్రే జట్టు ప్రతి శనివారం ఓడిపోయేది కాబట్టి ఆవిడకి సరుకు ఎప్పుడూ తక్కువ కాలేదు. ఆ బల్ల దగ్గరే నేను సైన్సు నేర్చుకున్నాను. పైన పెద్దలు చెప్పే ఉపన్యాసాలకి నన్ను పిలిచేవారు, వెళ్ళేదాన్ని, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేది. నోలీన్ లామింగ్టన్ ముక్క చేత్తో పట్టుకుని చెబితే మాత్రం అర్థమయ్యేది.

"ప్రతి కణం తన చావుని తన జేబులోనే పెట్టుకు తిరుగుతుంది పిల్లా," అని మొదటిసారి చెప్పింది. "కొన్ని ప్రోటీన్లున్నాయి. వేళ అయిందనగానే కణం లోపలి శక్తి సంచులకి చిల్లులు పెడతాయి. అంతే, కణం గొడవ చెయ్యకుండా వెళ్ళిపోతుంది."

"ఎందుకలా? బతికుంటే ఏం?"

"బతికుంటే క్యాన్సరు కావచ్చు. ఇంకేదో కావచ్చు. కంట్లో రక్తనాళాలు పెరిగేటప్పుడు ముందు తెగ పుట్టుకొస్తాయి, తర్వాత కొన్ని పోతాయి. ఆ పోవడాన్ని నడిపేది ఈ చావు ప్రోటీన్లేనని మన ఫెర్గస్ అంటాడు. నిజమో కాదో చూద్దాం."

ఫెర్గస్ మల్వేనీ మా ప్రయోగశాల పెద్ద. నోలీన్ కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మంచివాడు, తనకి తెలిసిందే నిజమని నమ్మే మంచివాడు. రక్తనాళాల కణాల్లో ఆ ప్రోటీన్లు లేని ఎలుకల్ని తయారుచేయించాడు. కత్తిరించేవాడు లేకపోతే ద్రాక్షతీగ గుబురెక్కినట్టు ఆ పిల్లల కళ్ళలో నాళాలు గుబురుగా ఉంటాయని ఆయన లెక్క. ఏ కన్ను ఏ ఎలుకదో కొలిచేవాళ్ళకి తెలియకూడదని గాజుపలక మీది ఎలుక పేరు కనపడకుండా తనే ఒక చీటీ అంటించి, దాని మీద అంకె వేసేవాడు. ముసుగు లెక్క అనేవాళ్ళం దాన్ని. మా సంస్థలో అది దేవుడి ముందు ప్రమాణం లాంటిది. చీటీ ముట్టుకోకూడదు.

నోలీన్ కొలిచి చెప్పింది. "గుబురు లేదు. కొమ్మలన్నీ సమానంగానే ఉన్నాయి. కానీ కొన్ని పిల్లల్లో నాళాలు లావుగా ఉన్నాయి."

"గాజు గట్టిగా నొక్కావేమో నోలీన్. నలిగి వెడల్పయ్యుంటాయి," అన్నాడు ఫెర్గస్.

"నొక్కితే అన్నీ నలగాలి. ఏ ఎలుక జేబులో ఏముందో నా వేలికి తెలుసా?"

మూడుసార్లు మళ్ళీ చేయించాడు. మూడుసార్లూ అదే. చావాల్సిన కణాలు చావకుండా, తామున్న నాళంలోనే ఉండిపోయి దాన్ని లావు చేశాయి. పోయే నాళాలు మాత్రం పోనే పోయాయి, వాటి కణాలు పక్క నాళాల్లోకి జరిగి బతికాయి. చావు ప్రోటీన్లు చూసుకునేది నాళం వెడల్పుని, సంఖ్యని కాదు. ఆ రోజు ఫెర్గస్ టీ గదిలోకి వచ్చి అందరి ముందూ "నోలీన్ కన్ను నా తల కంటే మేలు" అన్నాడు. నోలీన్ ఒక లామింగ్టన్ ఎక్కువ తింది. అంతే సంబరం.

ఇంత జాగ్రత్త మనిషి ఒక్కసారి తప్పు చేసింది. దాని గురించి చెప్పాలంటే క్లెమ్ గురించి చెప్పాలి.

క్లెమ్ నోలీన్‌తో కలిసి పుట్టిన కవల. పంతొమ్మిదివందల యాభైలో, ఏడో నెలలో పుట్టారు ఇద్దరూ. నోలీన్ ముందు, క్లెమ్ పావుగంట తర్వాత. ఆ రోజుల్లో నెలలు నిండని పిల్లల్ని గాజుపెట్టెలో పెట్టి ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు, ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదని. నోలీన్ కాస్త గట్టిపిల్ల, మూడో రోజుకే బయటికి తీశారు. క్లెమ్‌ని అయిదు వారాలుంచారు. బతికాడు. చూపు పోయింది. ఎదగని కంట్లో నాళాలు ఆ ఆక్సిజన్‌కి మూసుకుపోయి, తర్వాత పిచ్చిగా పెరిగి, పొరని లాగేశాయి. ఆక్సిజనే కారణమన్న మాట మరుసటి ఏడాది ఇదే ఊళ్ళో బయటపడింది. ఏడాది ఆగి పుట్టివుంటే ఇద్దరూ చూసేవారేమో.

క్లెమ్ పియానోలు శ్రుతి చేసేవాడు. యారావిల్‌లో చిన్న ఇల్లు, పెళ్ళి చేసుకోలేదు. నోలీన్ ప్రతి ఆదివారం వెళ్ళి గొర్రె మాంసం కాల్చిపెట్టేది. ఆవిడకి కారు నడపడం రాదు, నాకు ఆదివారాలు తోచదు, అందుకని చాలాసార్లు నేనే తీసుకెళ్ళేదాన్ని. భోజనం అయ్యాక, ఎప్పుడూ భోజనం అయ్యాకే, క్లెమ్ అడిగేవాడు. "ఏమే నోలీ, తేలిందా? నా కంట్లో ఆ కణాలు చావకుండా ఉంటే నాకు చూపుండేదా?"

"ఇంకా లేదురా," అనేది నోలీన్. గిన్నెలు తీసుకుని లేచేది.

నేను విన్న మొదటిసారీ అదే మాట, ఇరవయ్యేళ్ళ తర్వాతా అదే మాట. ఆవిడ సైన్సు చదివింది పదో తరగతి దాకానే. అంట్లగదిలో సీసాలు కడిగే పనిలో చేరి, కత్తి పట్టే దాకా ఎదిగింది. ఎందుకెదిగిందో నాకు తెలుసు, ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ పదవీ విరమణకి సరిగ్గా ఏడాది ముందు ఫెర్గస్ ఆ ప్రయోగం మొదలుపెట్టాడు. ఏడు రోజుల ఎలుకపిల్లల్ని తల్లితో సహా ఆక్సిజన్ పెట్టెలో అయిదు రోజులుంచాలి. తర్వాత మామూలు గాలిలో అయిదు రోజులు. అప్పుడు కళ్ళు చూడాలి. కొన్ని పిల్లల నాళాల్లో చావు ప్రోటీన్లు ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. క్లెమ్ ప్రశ్నే అది, మాటలు వేరు.

ఆ పెట్టె నా చేతుల మీదుగా నడిచింది. అంత ఆక్సిజన్‌కి పెద్ద ఎలుకల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకని రోజూ తల్లిని బయటికి తీసి ఇంకో పాలిచ్చే తల్లిని లోపల పెట్టాలి. బయటికొచ్చిన తల్లి పంజరం మూలలో కూర్చుని పిల్లల కోసం కీచుమనేది. నాకది బాగుండేది కాదు. నోలీన్ కిందికొచ్చి పెట్టె గాజులోంచి చూస్తూ నిలబడేది. ఆ మనిషి ఫుట్‌బాల్ ఊసెత్తకుండా పది నిమిషాలు నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

అక్టోబరుకి ఇరవై నాలుగు ఎలుకల కళ్ళు, ఒక్కోదానిది ఒక్కటి చొప్పున, పలకల మీదికొచ్చాయి. ఫెర్గస్ చీటీలంటించాడు. నోలీన్ కొలవడం మొదలుపెట్టింది. కంటి మధ్యలో నాళాలు లేని ఖాళీ చుట్టూ తెర మీద గీత గియ్యాలి, ఆ ఖాళీ ఎంతో రాయాలి. సగం అయ్యాయి. ఆ గురువారం మధ్యాహ్నం ఆవిడకి ఫోను వచ్చింది. క్లెమ్ ఒకరి ఇంట్లో పియానో ముందే పడిపోయాడని, గుండె ఉబ్బిపోయిందని, ఆపరేషన్‌కి తట్టుకోడని, ఇంక నెలల మాటేనని.

నేను సంగతి విని పైకి పరుగెత్తాను. మైక్రోస్కోపు గదిలో నోలీన్ కూర్చుని ఉంది. చేతిలో గాజుపలక. దాని మీది చీటీ ఒక మూల లేచి ఉంది.

"అది ఊడిందా, ఊడదీశావా?"

"వెళ్ళు కార్మెన్."

"నోలీ, నిన్నే. ఊడదీశావా?"

"చెవుడా నీకు? వెళ్ళమన్నాను."

ఆవిడ ఆ లేచిన మూలని బొటనవేలితో నొక్కి నొక్కి అంటిస్తోంది. నేను తలుపు దగ్గరికేసి వచ్చేశాను. ఆ చీటీ కింద ఏముందో నేను చూడలేదు. దేవుడి దయ అనుకున్నాను తర్వాత.

శనివారం క్లెమ్‌ని ఇంటికి పంపించారు. నేనే తీసుకెళ్ళాను ఆవిడని. దారంతా ఆవిడ మొహంలో ఏదో వెలుగుంది. క్లెమ్ ముందుగదిలో కుర్చీలో దిళ్ళ మధ్య ఉన్నాడు. పక్కన సగం విప్పిన పియానో.

"ఎవరు, ఎలుకల మహారాణీయా?" అన్నాడు నా అడుగుల చప్పుడు విని. "చీజు తెచ్చావా మాకు?"

"నీకు తెస్తే మా వాళ్ళు అలుగుతారు," అన్నాను.

నోలీన్ నా భుజం పట్టుకుంది. "నువ్వు వంటింట్లోకెళ్ళి టీ పెట్టు. తలుపేసుకో."

"టీకి తలుపెందుకే?"

"నువ్వు వినకూడదు. చెప్పింది చెయ్యి."

అప్పుడు నాకు కోపమొచ్చింది. ఎందుకు వినకూడదన్నదో తర్వాత అర్థమైంది. మతి తప్పిన ఆ రోజున కూడా ఆవిడ ఒక జత కళ్ళని శుభ్రంగా మిగుల్చుకుంది.

క్లెమ్‌ది పెద్ద గొంతు. గోడ అవతల నోలీన్ మాట వినపడలేదు కానీ అతనిది వినపడింది. "ఎన్ని చూశావ్?" నోలీన్ జవాబు నాకు అందలేదు. "ఒక్కటా? ఒక్క మెట్టు నొక్కి పియానో శ్రుతిలో ఉందని వచ్చేస్తే నన్ను మళ్ళీ ఎవడైనా గుమ్మం తొక్కనిస్తాడా? పో. అన్నీ నొక్కి రా. అప్పుడు చెప్పు."

ఆవిడ ఏదో అంది. ఏమందో నేనూహించగలను.

"ఉంటాన్లేవే. అరవై ఏళ్ళు ఆగినవాణ్ణి, ఆర్నెల్లు ఆగలేనా?"

నాకు అతని మీద పట్టరాని కోపమొచ్చింది. చావబోతూ కూడా ఈ బెట్టెందుకు? అక్క ఒక మంచిమాట మోసుకొచ్చింది, వినేసి సంతోషపడితే ఏం పోయింది? తిరిగొస్తుంటే అదే అన్నాను.

"వాడు చెప్పింది నిజం," అంది నోలీన్. "నేనే మర్చిపోయాను."

సోమవారం పొద్దున్నే ఫెర్గస్ గదికెళ్ళి చెప్పేసింది. ఫెర్గస్ తర్వాత నాకు చెప్పాడు ఆ మాటలు.

"ఎన్ని చూశావ్?"

"ఒకటి. సగం కొలిచాక."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు నోలీన్."

"అందుకే చెప్తున్నా."

"ఒక్కదాన్ని తీసేసి మిగతావి లెక్కలోకి తీసుకుంటే పోదా?"

"పోదు. ఒకటి తెలిస్తే అన్నీ తెలిసినట్టే. ఇంక గీత నేను గీయను, నా ఆశ గీస్తుంది. నేను కొలిచినవన్నీ కొట్టెయ్."

ఫెర్గస్ ఒక విద్యార్థి చేత కొలిపిద్దామన్నాడు. నోలీన్ ఒప్పుకోలేదు. "వాళ్ళకి డిగ్రీ కావాలి. ఏది వస్తే డిగ్రీ త్వరగా వస్తుందో వాళ్ళకి తెలుసు. కార్మెన్ చేత చేయించు."

నన్ను పిలిచి చెప్పినప్పుడు నేను నవ్వాను. "ఎలుకల పెంట ఎత్తేదాన్ని నేను. నాకేం తెలుసని?"

"అదే నీ అర్హత. నీకేం ఆశుంది? అయిదున్నర ట్రామ్ తప్ప!"

తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

పాత పలకల మీద మూడు వారాలు నేర్పింది. గురువుగా ఆవిడ గయ్యాళి. నా మునివేళ్ళ మీద పెన్సిలుతో కొట్టింది. "అంచు ఎక్కడుందో కనపడకపోతే కనపడలేదని రాయి. ఊహించకు. ఊహించడానికి పైన అంతమంది జీతాలు తీసుకుంటున్నారు." ఫెర్గస్ కొత్త చీటీలు వేసి, కొత్త అంకెలిచ్చాడు. నేను అసలు కొలత మొదలుపెట్టిన రోజు నుంచి నోలీన్ ఆ గది గడప తొక్కలేదు.

పిల్లలుగా నా అరచేతిలో పాకినవి ఆ పలకల మీద ఏమయ్యాయో నేనప్పుడే మొదటిసారి చూశాను. ఎర్రగా మెరిసే వల. కొన్నింటిలో మధ్యంతా బోసి, అంచుల్లో మాత్రం ముడులుపడ్డ చిక్కు. కొన్నింటిలో మధ్య దాకా సన్నగా, పొందిగ్గా అల్లుకుపోయి ఉంది. ఏవి ఏవో నాకు తెలియదు. తెలుసుకోవాలని మనసు పీకేది. ఒక్కో కన్నుని మూడు వేర్వేరు రోజులు కొలిచాను. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మేము ఎలుకను తవ్వుతూ కొండ కోసం వెతికేవాళ్ళం.

అన్నిటికంటే నాకు కష్టమైంది టీ గది. నోలీన్ వేరే బల్లకి మారిపోయింది. తన మొహం చూసి నేనేమైనా పసిగడతానని. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎదురుగా కూర్చున్న మనిషి గోడ వైపు తిరిగి ఒంటరిగా టీ తాగేది. నేను లామింగ్టన్ పంపితే తినేది కానీ వెనక్కి తిరిగేది కాదు. ఆ ఏడు వారాలు నాకు ఇప్పటికీ కలలోకొస్తాయి. ఇద్దరం ఒకే గదిలో ఉండి ఒకరికొకరం దూరమైన రోజులవి. అయినా అవే కావాలనిపిస్తుంది ఇప్పుడు, ఆవిడ వీపైనా కనపడేది కదా.

డిసెంబరులో వీడ్కోలు చేశారు. పళ్ళు పేర్చిన పావ్లోవా కేకు, ఉపన్యాసాలు, గోడగడియారం. నోలీన్ ఫలితం తెలుసుకోకుండానే ఇంటికెళ్ళిపోయింది. జనవరి మాకు ఎండాకాలం సెలవులు, ఊరు ఊరంతా సముద్రం ఒడ్డున ఉంటుంది, ఫెర్గస్ కూడా. అదే నెలలో క్లెమ్‌ని రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండోసారి నేను నోలీన్‌కి ఫోన్ చేసి, ఫెర్గస్‌ని వెనక్కి పిలిచి చీటీలు విప్పించనా అన్నాను.

"మూడో కొలత అయిందా?"

"ఇంకా అయిదు కళ్ళున్నాయి."

"అయితే ఫోన్ పెట్టేసి అవి కొలువు," అంది.

ఫిబ్రవరి రెండో వారంలో చీటీలు విప్పారు. నోలీన్ మెడలో సందర్శకుల బిళ్ళ వేసుకుని వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన చోట ఆ బిళ్ళ చూసి నాకు ఒళ్ళు మండింది. ఫెర్గస్ ఒక్కో చీటీ ఎత్తి చదివాడు, నేను నా కొలత చదివాను. చావు ప్రోటీన్లు ఉన్న పన్నెండు కళ్ళలో పన్నెండూ మధ్యలో బోసి. లేని పన్నెండింటిలో పదకొండు నిండిపోయాయి, ఒకటి సగం నిండింది.

ఫెర్గస్ చాలాసేపు ఆ కాగితం చూశాడు. ఆక్సిజన్‌కి నాళాలు అన్నిటిలోనూ మూసుకుపోయాయని, కానీ ప్రోటీన్లు లేనిచోట కణాలు చావకుండా పొంచివున్నాయని, మామూలు గాలి తగలగానే ఆ మిగిలిన కణాలే మళ్ళీ దారి తెరుచుకున్నాయని చెప్పాడు. "ఎలుకల్లో," అన్నాడు చివర. "ఎలుకల్లో మాత్రమే నోలీన్."

"తెలుసు," అంది నోలీన్. "కార్మెన్, కారు తాళాలు తీసుకో."

క్లెమ్ మంచం ముందుగదిలోకి మార్చారు. ముక్కుకి సన్నటి గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. "మళ్ళీ దీన్నే తగిలించారు చూశావా," అన్నాడు నాతో. "పాత దోస్తు. వదల్లేదు." మనిషి సగమైపోయాడు. గొంతు మాత్రం అదే.

ఈసారి నోలీన్ నన్ను వంటింట్లోకి పొమ్మనలేదు. మంచం అంచున కూర్చుని అతని చెయ్యి తీసుకుంది. అన్నీ వరసగా చెప్పింది, ఎన్ని కళ్ళు, ఎవరు కొలిచారు, ఎన్నిసార్లు, ఏమొచ్చింది. ఎలుకల్లో మాత్రమేనని కూడా చెప్పింది. "అదీ సంగతి. నీ కంట్లో ఆ కణాలు చావకుండా ఉంటే నాళాలు మళ్ళీ అల్లుకునేవేమోరా. చూపు ఉండేదేమో."

క్లెమ్ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకున్నాడు. సిలిండరు బుసబుసమంటోంది.

"మంచిది," అన్నాడు. "ఇప్పుడు నీకు నిమ్మళమేనా?"

"నాకేమిట్రా? అడిగింది నువ్వు కదా."

"నేనెందుకడుగుతానే? తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ మనిద్దర్నీ కూర్చోబెట్టి గాజుపెట్టె సంగతి చెప్పింది, గుర్తుందా? నేను మర్నాటికి మర్చిపోయి ఆడుకోడానికి పోయాను. నువ్వు వారం రోజులు అన్నం ముట్టలేదు. రాత్రుళ్ళు నా మంచం పక్కన వచ్చి నిలబడేదానివి, నిద్రపోతున్నాననుకుని. నాకు చూపు లేదు గానీ చెవులున్నాయి కదే. నేను ఏదో ఒకటి అడుగుతూ ఉంటే నువ్వు దాని వెంటపడి తిరుగుతావు, తిండి తింటావు అని కనిపెట్టాను. అప్పట్నుంచీ అడుగుతున్నా."

నోలీన్ మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. "నీకు... చూడాలని లేదా మరి?"

"లేకేం? రోజూ ఉంది. కానీ అది నా గోల. నీదేం తప్పుంది అందులో?"

నోలీన్ అతని చెయ్యి వదిలేసింది. అరవై రెండేళ్ళ మనిషి, మా సంస్థలో ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "నిన్ను అక్కడే వదిలేసి నేను వచ్చేశాను క్లెమ్. నేనొక్కదాన్నే బయటికొచ్చేశాను."

క్లెమ్ తడుముకుంటూ ఆవిడ తల పట్టుకున్నాడు.

"మూడు రోజుల పిల్లవే నువ్వు," అన్నాడు. "నన్ను చంకనేసుకుని నడిచొస్తావా ఏంటే?"